రాష్ట్ర స్తంభం

ఆ ఏడాదిని ప్రభుత్వం నిలకడ సంవత్సరంగా ప్రకటించింది. అంతకు ముందు వారమే శాసనసభలో పదకొండుమంది సభ్యులు ఈ పక్షం నుంచి ఆ పక్షానికీ, తొమ్మిదిమంది ఆ పక్షం నుంచి ఈ పక్షానికీ మారారు. నడిమధ్యలో ఎదురుపడ్డవాళ్ళు ఒకరికొకరు నమస్కారాలు కూడా పెట్టుకున్నారు. ఇది చూసి రాష్ట్రంలో నిలకడ తగ్గిపోతోందని ప్రభుత్వానికి బెంగ పట్టుకుంది. ఎవరిలో తగ్గిపోతోందో కనిపెట్టడానికి ఒక సంఘం వేశారు. సంఘం మూడు నెలలు జిల్లాలన్నీ తిరిగి, గెస్టుహౌసుల్లో భోంచేసి, కళాకారుల్లో తగ్గిపోతోందని తేల్చింది.

సంఘం ఊరికే తేల్చలేదు. కారణాలు కూడా చూపించింది. ఒక నటుడు శనివారం రాముడు కడతాడు, ఆదివారం అదే ఊళ్ళో రావణుడు కడతాడు. జనం రెండింటికీ చప్పట్లు కొడతారు. ఇలాంటివి చూస్తూ పెరిగిన పిల్లలే పెద్దయి నాయకులవుతున్నారు. కాబట్టి నాయకులు మారుతున్నారంటే ఆ తప్పు వాళ్ళది కాదు, చిన్నప్పుడు వాళ్ళకి చూపించిన నాటకాలది. ఈ నివేదిక చదివి శాసనసభ్యులందరూ, ఆ రోజుకి ఏ పక్షంలో ఉన్నవాళ్ళు ఆ పక్షంలోనే ఉండి, బల్లలు చరిచారు.

వెంటనే రాష్ట్ర నిలకడ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. దానికి చైర్మన్‌గా బృహస్పతిరావు గారిని వేశారు. ఆయన్ని మించినవాడు దొరకడు. ముప్పై ఏళ్ళ రాజకీయ జీవితంలో ఐదు పార్టీల కండువాలు వేసుకున్నా, అధికార పక్షాన్ని మాత్రం ఒక్క పూట కూడా విడిచిపెట్టలేదు. పార్టీలే ఓడిపోయి తనని వదిలి వెళ్ళిపోయాయి గానీ తను ఎవర్నీ వదల్లేదని ఆయన సభల్లో చెప్పేవారు. చెప్పేటప్పుడు ఆయన కళ్ళు చెమ్మగిల్లేవి.

సంస్థ మొదటి ఉత్తర్వు చిన్నది. ఒక కళాకారుడికి ఒకే వేషం. ఆ వేషాన్ని మండలాఫీసులో నమోదు చేయించుకుని, ఫోటోతో కార్డు తీసుకోవాలి. బతికినంత కాలం అదే వేషం. రెండోది కడితే కార్డు రద్దు. కార్డు లేనివాడు వీధిలో గజ్జె కట్టడానికి వీల్లేదు.

ఈ ఉత్తర్వు అందరి నెత్తినా పడ్డట్టే తాళ్ళవరం మండలంలో సిరిగిరి గురవలింగం నెత్తినా పడింది. కాకపోతే అందరి కంటే కాస్త గట్టిగా పడింది.

గురవలింగానిది పగటివేషాల కుటుంబం. ఒక ఊళ్ళో మకాం పెట్టి, రోజుకొక వేషం కట్టుకుని, అంగళ్ళ ముందూ ఇళ్ళ ముందూ ఆడి జనాన్ని నవ్వించి, బెదిరించి, బుజ్జగించి పోవడం వాళ్ళ పని. ఇవాళ పఠాను, రేపు కోయదొర, ఎల్లుండి ఎరుకలసాని. అలా ముప్పైరెండు వేషాలు అతనికి నోటికీ ఒంటికీ వచ్చు. అన్నిటిలోకీ పెద్దది నరసింహుడు. నాలుగు తరాలుగా వాళ్ళింట్లో ఒక కట్టుబాటుంది. ఏడాది తిరిగేలోగా ఒక్కసారైనా నరసింహుణ్ణి కట్టి తీరాలి. తాత నూటనాలుగు జ్వరంలో కట్టాడు. తండ్రి భుజం విరిగిన ఏడు ఒంటిచేత్తో కట్టాడు. గురవలింగం తుఫాను ఏట బడిలో తలదాచుకున్న జనం మధ్య కట్టాడు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ జనపనార జూలు తలకెత్తుకుంటే అతని ఒళ్ళు ఇప్పటికీ జలదరిస్తుంది.

అందుకని కార్డు కోసం వెళ్ళేటప్పుడు అతనికి పెద్దగా దిగులు లేదు. ఒక్కటే అంటే నరసింహుడొక్కటే. మిగతా ముప్పైఒకటీ పోతే పోయాయి.

నిలకడ విస్తరణాధికారిణి పేరు అమృతవల్లి. మొన్నటిదాకా చేపల శాఖలో ఉండేది. మంచి మనిషే. కుర్చీ చూపించి, ఫారం ముందుకు లాక్కుంది.

"ఇప్పటివరకూ ఎన్ని వేషాలు కట్టారు?"

"ముప్పైరెండమ్మా."

ఆమె కలం కిందపెట్టింది. "ముప్పైరెండా! నిన్న ఒకాయన రెండు కట్టానని ఒప్పుకుంటేనే కౌన్సెలింగుకి పంపించామండీ. సరే, జరిగిందేదో జరిగింది. ఇప్పుడు ఏది నమోదు చేయమంటారు?"

"నరసింహుడమ్మా."

ఆమె లావుపాటి పుస్తకం తెరిచి వేలితో వెతికి, గొంతు సవరించుకుని చదివింది. "సదరు దేవత మనిషీ కాదు, మృగమూ కాదు. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని చోట కార్యం నిర్వహించినట్లు తెలియవచ్చుచున్నది. ఏ అంశంలోనూ ఒక స్పష్టమైన వైఖరి తీసుకున్న దాఖలా లేదు. కావున అస్థిర వర్గం ఒకటిలో చేర్చడమైనది." ఆమె తలెత్తింది. "కుదరదండీ."

"అది ఆయన తప్పు కాదు గదమ్మా. ఆ రాక్షసుడు అట్టాంటి వరం అడిగితే బ్రహ్మ ఇచ్చాడు."

"బ్రహ్మగారి విషయం కూడా పరిశీలనలో ఉంది. నాలుగు ముఖాలు."

గురవలింగం, "పోనీ హరిశ్చంద్రుడు?" అన్నాడు.

"జిల్లా కోటా నిండిపోయింది. చైర్మన్ గారి బావమరిది కూడా హరిశ్చంద్రుడే. ఆయన ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు, అందుకని రికార్డు శుభ్రంగా ఉంది."

"భీష్ముడు?"

"నూట పన్నెండుమంది వెయిటింగు. ధ్రువుడు అడక్కండి, అది శాశ్వత పదవి కాబట్టి పైవాళ్ళ పిల్లలకి ఉంచారు." ఆమె పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట ఆగింది. ముఖం విప్పారింది. "ఇదుగో, ఒకటుంది. స్తంభం."

"ఏ స్తంభం?"

"ప్రహ్లాద నాటకంలోదండీ. నిలకడలో వందకి వంద వచ్చింది. మాటల్లేవు, కదలికల్లేవు, అభిప్రాయాల్లేవు. మీ అదృష్టం బాగుంది, ఎవరూ అడగలేదు."

"అమ్మా, స్తంభమంటే వేషం కాదు. అట్టతో చేసి నిలబెడతాం."

"అట్టకి ఆధార్ ఉండదు కదండీ" అంది ఆమె ఓపిగ్గా. "మాకు మనిషి కావాలి."

గురవలింగం కిటికీలోంచి బయటికి చూశాడు. పంటలు ఇళ్ళకి చేరే రోజులు. ఊళ్ళు తిరగాల్సిన కాలం. కార్డు లేకపోతే కాలు బయటపెట్టడానికి లేదు. ముందు కార్డంటూ చేతికొస్తే నరసింహుడి సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుని వేలిముద్ర వేశాడు. ఫోటో తీసేటప్పుడు అతన్ని గుండ్రంగా చుట్టిన అట్టలో నిలబెట్టారు. ముఖం కనబడేలా కన్నం పెట్టమని అడిగితే, స్తంభానికి ముఖముండదని ఫోటోగ్రాఫరు చెప్పాడు.

మర్నాటి నుంచి గురవలింగం స్తంభమై ఊళ్ళు తిరిగాడు. ముఖం కనబడకపోయినా, అట్ట కింద ఆ పాదాలు చూసి జనం పోల్చుకున్నారు. మొదటిరోజు తాళ్ళవరం బజారులో కిరాణాకొట్టు ముందు నిలబడితే కొట్టాయన, "ఏం గురవయ్యా, ఏందీ అవతారం?" అన్నాడు. జవాబు చెప్పడానికి లేదు. స్తంభం మాట్లాడితే తనిఖీవాళ్ళు రాసుకుపోతారు. జనం మూగారు, వేషం ఎప్పుడు మొదలవుతుందా అని చూశారు, మొదలై గంటయిందని తెలిసి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి ఎవరో అతనికి ఆనుకుని బీడీ కాల్చుకున్నారు. సాయంత్రానికి వీపు మీద ఇళ్ళస్థలాల పోస్టరు అంటించి ఉంది. రెండోవారంలో ఒక రైతు తన బర్రెని తెచ్చి అతనికి కట్టేసి కాఫీకి వెళ్ళాడు. బర్రె ఎటు లాగితే అటు పోకుండా నిలబడటానికి గురవలింగం పడిన పాట్లు ఏ వేషానికీ పడలేదు.

అమృతవల్లి నెలనెలా నివేదిక పంపేది. "ప్రగతి: కదలలేదు" అని రాసేది. పై అధికారులు ఆమెను మెచ్చుకున్నారు.

తనిఖీవాళ్ళు చెప్పాపెట్టకుండా ఇళ్ళకి కూడా వస్తారని తెలిశాక, గురవలింగం ఇంట్లోనూ మూలకి నిలబడసాగాడు. మొదట్లో అతని భార్య చెన్నమ్మ తిట్టింది. తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత అలవాటైపోయి, అతని నడుముకి తాడు కట్టి రెండో కొస కిటికీ ఊచకి ముడేసి తడిబట్టలు ఆరేసింది.

"ఏమయ్యా, ఏడాది దగ్గరపడతంది. నరసింహసామి సంగతేంది?" అంది ఒకనాడు, చీర దులుపుతూ.

అతను బట్టల వెనకనుంచి నెమ్మదిగా అన్నాడు. "ఇరవై రోజులుంది."

"ఈ ఏడు కట్టకపోతే మీ నాయన ముఖం ఎట్టా చూత్తావు పైకిపోయాక?"

గురవలింగం అటక వంక చూశాడు. జూలూ కోరలూ రంగులూ ఉన్న పెట్టె పదకొండు నెలలుగా అక్కడే ఉంది. రాత్రిళ్ళు అతనికి నిద్రపట్టక దాని వంకే చూస్తూ పడుకునేవాడు. నాలుగు తరాల్లో ఆ పెట్టె ఏడాదిపాటు మూసి ఉండటం ఎన్నడూ లేదు. తన చేతిమీదుగానే ఆ కట్టుబాటు తెగిపోబోతోందని లేచి కూర్చునేవాడు.

ఇలా ఉండగా నిలకడ వార్షికోత్సవాలు వచ్చిపడ్డాయి. జిల్లాకేంద్రంలోని మైదానంలో బ్రహ్మాండమైన పందిరి వేశారు. చైర్మన్ బృహస్పతిరావు గారే అధ్యక్షత. ప్రహ్లాదుడంత నిలకడగలవాడు మరొకడు లేడు కాబట్టి ప్రహ్లాద నాటకం ఆడాలని నిర్ణయించారు. కార్డులున్న కళాకారులందరినీ పిలిపించారు.

ప్రహ్లాదుడుగా దానయ్య వచ్చాడు. ఆరేళ్ళ వయసులో మొదలుపెట్టి వేరే వేషం ఎరగడు. ఇప్పుడు నలభై ఏడు. మీసాలున్నాయి, పొట్ట ఉంది, ఒక మోకాలు నొప్పి. హిరణ్యకశిపుడి కార్డున్న కుర్రాడికి ఇరవై తొమ్మిది. పేరు తిరుపాలు. తండ్రి కంటే కొడుకు పద్దెనిమిదేళ్ళు పెద్ద కావడం గురించి ఒక గుమాస్తా సందేహం వెలిబుచ్చితే, వయసు మారేది, వేషం మారనిది, మారనిదాన్నే ప్రమాణంగా తీసుకోవాలని పైనుంచి జవాబు వచ్చింది.

రిహార్సలు రోజున బృహస్పతిరావు గారు స్వయంగా వచ్చి నటీనటులకి ఉపదేశం చేశారు.

"ఈ నాటకాన్ని మన సంస్థ నిపుణులు కూలంకషంగా పరిశీలించారు. ఇందులో ప్రహ్లాదుడు స్థిరం. తన పట్టు విడవడు. హిరణ్యకశిపుడు స్థిరం. తన పట్టు విడవడు. స్తంభం సరేసరి. అస్థిరమైనదల్లా ఆ చివరి రంగం ఒక్కటే. అప్పటిదాకా చక్కగా నిలబడిన స్తంభం పగలడమేమిటి? అందులోంచి మనిషో మృగమో తెలియనిది రావడమేమిటి? అధికారంలో ఉన్న ప్రభువుని, ఎన్నికలూ ఏమీ లేకుండా, గడపలో కూర్చుని దించేయడమేమిటి? ప్రజలకి మనం ఏం సందేశం ఇస్తున్నాం? కాబట్టి ఆ రంగం తీసేశాం. ప్రభువు స్తంభాన్ని తన్నుతాడు. స్తంభం చెక్కుచెదరదు. జనగణమన."

దానయ్య వెనకనుంచి చెయ్యెత్తాడు. "అయ్యా, మరి కథ ఎట్టా ముగుస్తది?"

"ముగియదు" అన్నారు బృహస్పతిరావు గారు చిరునవ్వుతో. "నిలకడ అంటే అదేనయ్యా."

దానయ్య చెయ్యి దించాడు. నలభైఒక్క ఏళ్ళుగా అతను, హరి స్తంభంలో ఉన్నాడని చెబుతూ వచ్చాడు, చెప్పిన ప్రతిసారీ స్తంభం పగిలింది. పగలని స్తంభం ముందు ఆ మాట ఎలా చెప్పాలో అతనికి అర్థం కాలేదు.

నాటకం రోజుకి గురవలింగం ఏడాది గడువు సరిగ్గా అయిపోతుంది. ఆ మధ్యాహ్నం విడిదిలో చెన్నమ్మ తలుపు గడియపెట్టి, కొంగు చాటున తెచ్చిన పెట్టె తెరిచింది.

"కట్టుకో."

"పిచ్చిదానా, కార్డు పోద్ది."

"లోపల కట్టుకో. పైన స్తంభం తొడుక్కో. మీ పెద్దోళ్ళు కట్టమన్నారు గానీ జనం చూడాలన్నారా?"

గురవలింగం ఆలోచించాడు. నిజమే. చూడాలని ఎవరూ అనలేదు. పసుపూ సింధూరమూ కలిపి ముఖానికి పూసుకున్నాడు. కోరలు బిగించుకున్నాడు. చెన్నమ్మ వెనక నిలబడి, "తల తిప్పమాక" అంటూ జూలు ముడేసింది. ముడి పడగానే అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. రంగు చెదురుతుందని ఆమె కసిరింది.

నాటకం సాయంత్రం ఐదింటికి మొదలైంది. పదివేలమంది వచ్చారు. ముందు వరసలో సోఫాలో బృహస్పతిరావు గారు, ఆయన పక్కన అధికారులు, వాళ్ళ పక్కన అమృతవల్లి. వేదిక కుడిపక్కన స్తంభం. మైదానం గేటు దాటితే రోడ్డుకవతల ప్రతిపక్ష పార్టీ ఆఫీసు.

దానయ్య మీసాలు చూసి జనం మొదట నవ్వారు. ఒక పద్యం అయ్యేసరికి నవ్వు ఆగింది. రెండో పద్యానికి వన్స్‌మోర్ అడిగారు. చూస్తూ ఉండగానే పొద్దు వాలింది. తిరుపాలు గద ఊపుకుంటూ స్తంభం దగ్గరకొచ్చి, "ఇందులో ఉన్నాడా నీ హరి?" అని గర్జించాడు.

"ఉన్నాడు" అన్నాడు దానయ్య.

పదివేలమందీ లేచి నిలబడ్డారు. తర్వాత ఏమవుతుందో వాళ్ళందరికీ పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆడవాళ్ళు చేతులు జోడించారు. ఒక ముసలావిడ కొంగు ముడి విప్పి కర్పూరం బయటికి తీసింది. తిరుపాలు కాలెత్తి స్తంభాన్ని తన్నాడు.

ఏమీ కాలేదు.

బృహస్పతిరావు గారు లేచి చప్పట్లు కొట్టారు. అధికారులు కొట్టారు. జనంలో ఒక్క చప్పట వినబడలేదు. ముసలావిడ కర్పూరం అరచేతిలో పెట్టుకుని అలాగే చూస్తోంది. మైకులో జనగణమన వెయ్యమని ఎవరో సైగ చేశారు. సరిగ్గా అప్పుడు దానయ్య, పుస్తకంలో లేని మాట, నొప్పి మోకాలి మీద కూలబడి మళ్ళీ అన్నాడు.

"ఉన్నాడు నాయనా. నాకు తెలుసు. ఉన్నాడు."

అట్టలో చీకట్లో గురవలింగం ఆ మాట విన్నాడు. లోపల ఉన్నది తనే. లేడని పదివేలమంది అనుకోబోతున్నారు. అతనికి ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఏడాదిగా ఒంటి మీద ఆరేసిన బట్టలూ, కట్టేసిన బర్రే, అంటించిన పోస్టర్లూ అన్నీ కలిసి వచ్చిన కోపమది. అట్ట నిలువునా చిరిగింది.

నరసింహుడి అరుపు రోడ్డవతలికి కూడా వినబడిందంటారు. తిరుపాలుకి ఈ సంగతి ముందు తెలియదు. పొట్ట చీల్చేదాకా ఆగకుండా తనంతట తనే గడప మీద వెల్లకిలా పడ్డాడు. పందిరి మొత్తం గోవిందలు కొట్టింది. ముసలావిడ కర్పూరం వెలిగించింది. అమృతవల్లి తనకి తెలియకుండానే చేతులు జోడించి, తెలిశాక విడదీసింది.

బృహస్పతిరావు గారు మాత్రం సోఫాలో లేరు. సోఫా ఎగిరి దూకి, చెప్పులు వదిలేసి, గేటు దాటి, రోడ్డు దాటి, ఎదురుగా తలుపు తీసి ఉన్న ఆఫీసులోకి పరుగెత్తారు. ఆయన్ని చూసి వాళ్ళు ఆశ్చర్యపోలేదు. ఎప్పటికైనా వస్తారనే అనుకుంటున్నారు. మెడలో కండువా వేశారు, ఫోటో తీశారు, మంచినీళ్ళిచ్చారు. నీళ్ళు తాగి స్థిమితపడ్డాక ఆయన కండువా రంగు చూసుకున్నారు.

మర్నాడు ఫోటో పత్రికల్లో వచ్చింది. నిలకడ సంస్థ చైర్మన్ పార్టీ మారారని రాశారు. మారలేదని ఆయనా, మారారని ప్రతిపక్షంవాళ్ళూ పట్టుబట్టారు. ప్రభుత్వం ఏకసభ్య విచారణ వేసింది. ఆ ఒక్క సభ్యుడు విశ్రాంత కార్యదర్శి ఏకనాథరావు గారు. ఆయన మూడు రోజుల్లో ఫైలు చదివి చిక్కుముడి ఎక్కడుందో పట్టేశారు. నరసింహుడు బయటికి వచ్చినట్లయితే చైర్మన్ గారు పారిపోయినట్లు. నరసింహుడు రానట్లయితే పారిపోవడానికి కారణం లేదు కాబట్టి చైర్మన్ గారు పారిపోనట్లు. ఫోటో అంటారా, పాతది అయి ఉండవచ్చు. ఆయనకి ఆ కండువాతో పాత ఫోటోలు ఉండనే ఉన్నాయి.

ఇక సాక్ష్యాలు. పదివేలమంది ప్రేక్షకులకి కార్డుల్లేవు కాబట్టి వాళ్ళ మాట చెల్లదు. దానయ్య మాత్రం చూశానని ప్రమాణం చేసి చెప్పాడు. దేవుడు కనబడ్డాడనడం ప్రహ్లాదుడి పాత్ర స్వభావం కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తిరుపాలు స్పృహలో లేడు. మిగిలిన అధీకృత సాక్షి స్తంభం ఒక్కటే.

గురవలింగాన్ని పిలిపించారు. అమృతవల్లి పక్కనే కూర్చుని రాసుకుంటోంది.

"కూర్చోండి" అన్నారు ఏకనాథరావు గారు ఆప్యాయంగా. "ఆనాటి సాయంత్రం స్తంభంలో ఉన్నది మీరేనా?"

"నేనేనయ్యా."

"మీలోంచి ఎవరైనా బయటికి రావడం మీ దృష్టికి వచ్చిందా?"

"వచ్చింది నేనేనయ్యా. నరసింహుణ్ణి కట్టింది నేనే."

ఏకనాథరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "తొందరపడకండి. మీ నిలకడ రికార్డు చూశాను. పదకొండు నెలలు బర్రెలు లాగినా కదలని మనిషి మీరు. ప్రభుత్వం మిమ్మల్ని 'రాష్ట్ర స్తంభం' బిరుదుతో సత్కరించదలుచుకుంది. జీవితకాలపు కార్డు. తనిఖీలు ఉండవు. కట్టుకుంటే ఇంట్లో తలుపులేసుకుని ఏ వేషమైనా కట్టుకోండి, ఎవరూ అడగరు. ఈ కాగితం మీద, నాలోంచి ఎవరూ రాలేదని ఒక్క వేలిముద్ర వేయండి. ఇప్పుడు చెప్పండి. ఎవరు వచ్చారు?"

"నేనేనయ్యా."

అమృతవల్లి రాయడం ఆపి, గొంతు తగ్గించి అంది. "గురవలింగం గారూ, వేసేయండి. కార్డు లేకపోతే ఊళ్ళు తిరగలేరు. ఎట్లా బతుకుతారు?"

గురవలింగం ఆమె వంక చూశాడు. ఆమె బాధపడుతోందని అతనికి తెలిసింది.

"అమ్మా, మాకొక పద్ధతుంది. ఒక ఊళ్ళో ఎన్ని రోజులున్నా రోజుకొక వేషంలో పోతాం. జనం నమ్ముతారు. కొందరు భయపడతారు, కొందరు దణ్ణం పెడతారు. ఆఖరి రోజున మాత్రం రంగు కడుక్కుని మామూలు బట్టల్లో ఇంటింటికీ పోవాలి. ఇన్నాళ్ళూ వచ్చిందంతా నేనేనమ్మా, తప్పులుంటే మన్నించండి అని చెప్పాలి. ఆ మాట చెప్పాకనే ఎవరైనా ఏదైనా ఇస్తే పుచ్చుకోవాలి. చెప్పకుండా పోతే వాడు కళాకారుడు కాదు, మోసగాడు. నేను పఠానునని ఎన్నిసార్లయినా అబద్ధం ఆడతా. కట్టింది నేను కాదని మాత్రం అనను. మా ఇంట్లో ఎవరూ అనలేదు."

"చివరిసారి అడుగుతున్నాను" అన్నారు ఏకనాథరావు గారు. "ఎవరు వచ్చారు?"

"నేనేనయ్యా."

పది రోజులకి ఉత్తర్వు వచ్చింది. అమృతవల్లే స్వయంగా ఇంటికి తెచ్చి, చదవడానికి మనసొప్పకపోయినా చదివి వినిపించింది. "విచారణలో సాక్షిని ముమ్మారు ప్రశ్నించగా, తగినంత వ్యవధి, ప్రోత్సాహం ఇచ్చినప్పటికీ, మూడుసార్లూ ఒకే జవాబు చెప్పియున్నాడు. కావున ఇతడు నిలకడ లేనివాడని నిర్ధారించి కార్డు రద్దు చేయడమైనది. ఖాళీ అయిన స్థానంలో సిమెంటు స్తంభమును నియమించడమైనది. మరియు, ఆనాడు నరసింహుడు రాలేదని, అటువంటి వేషము రాష్ట్రంలో లేదని ఇందుమూలముగా తేల్చడమైనది. లేనిదాని మీద ఏ పోలీసు స్టేషనులోనూ కేసు నమోదు చేయరాదు."

చెన్నమ్మ ఆ చివరి మాట ఇంకోసారి చదవమంది. అమృతవల్లి చదివింది. చదువుతూ ఉండగా ఆమెకీ అర్థమైంది. కాగితం మడిచి చెన్నమ్మ చేతిలో పెట్టి, జాగ్రత్తగా దాచుకోమని చెప్పి వెళ్ళింది.

వారం తిరక్కుండా తాళ్ళవరం బజారులోకి నరసింహుడు వచ్చాడు. కిరాణాకొట్టాయన గల్లాపెట్టె వదిలి రోడ్డు మీదకొచ్చి దణ్ణం పెట్టాడు. పిల్లలు గుడ్డల కొట్లో దూరారు. ఆ వీధి మొత్తం ఏడాది తర్వాత నవ్వింది, కేకలేసింది. పోలీసు స్టేషన్ ముందు డ్యూటీలో ఉన్న కోటిరత్నం అనే కానిస్టేబులు లాఠీ ఎత్తి, కాగితం సంగతి గుర్తొచ్చి దించాడు. లోపలినుంచి రైటరు, "ఎవరయ్యా బయట?" అంటే, "ఎవరూ లేరండీ" అన్నాడు. నరసింహుడు అతని ముఖంలో ముఖం పెట్టి గర్జించాడు. కోటిరత్నం, ఎవరూ లేనట్టే, సెల్యూట్ కొట్టాడు. వరసగా ఐదు రోజులు అదే జరిగింది.

ఆరోరోజు పొద్దున గురవలింగం ముఖం కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని, ఒక్కొక్క ఇంట్లో, ఒక్కొక్క కొట్లో ఆ మాట చెప్పుకుంటూ వచ్చాడు. వీధి చివర స్టేషన్ ఒక్కటే మిగిలింది. అతను గేటు వైపు తిరగడం చూసి కోటిరత్నం పరుగున ఎదురొచ్చాడు.

"గురవయ్యా, నీకు దణ్ణం పెడతా, ఇక్కడ చెప్పమాక. నరసింహుడి మీద కేసు రాయొద్దని పైనుంచి కాయితముంది. నువ్వు నువ్వుగా వచ్చి అది నేనే అంటే మాత్రం, కార్డు లేకుండా వేషం కట్టావని రాయాల్సొస్తది. మిగతా ఊరంతా చెప్పావు గందా, చాల్లే. పో."

"ఇక్కడా ఆడాను గదా కోటిరత్నం" అన్నాడు గురవలింగం.

అతను చెప్పులు గేటు బయట విడిచి, లోపలికి వచ్చి, చేతులు జోడించి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ మీ ముంగిట్లోకి వచ్చింది నేనేనని మొదలుపెట్టాడు. కోటిరత్నం గట్టిగా కళ్ళు మూసుకుని, రెండు చెవుల మీదా చేతులు పెట్టుకున్నాడు.

గురవలింగం అతను చేతులు దించేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.